షుగర్ పేషెంట్ల కంటి స్క్రీనింగ్ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరే చేయాలంటే: ఆఫ్తాల్మోస్కోప్ చాలా, కెమెరా కావాలా?

క్లినిక్_ఓపీ:
షుగర్ ఉన్నవాళ్లను కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లమని రాసిస్తే, చూపు బాగానే ఉంది కదా అని సగంలో ఆగిపోతున్నారు. అందుకని మొదటి వడపోత క్లినిక్‌లోనే పెట్టాలని ఆలోచన. కంటి లోపల చూసే చేతి పరికరం, డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్‌తో సరిపెట్టుకోవచ్చా? కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు వెయ్యకుండా తీసే కెమెరాను ఎంతవరకు నమ్మొచ్చు? ఫొటోలో ఏం కనిపిస్తే ఎంత తొందరగా పంపాలి?

రెటీనా_గది:
ఆఫ్తాల్మోస్కోప్ మీద స్క్రీనింగ్ నడపొద్దు. బొమ్మను 15 రెట్లు పెద్దది చేస్తుంది, నిజమే. కానీ ఒకసారికి కనిపించేది 5 డిగ్రీల మేర మాత్రమే, కంటిపాప చిన్నదైతే అదీ సరిగా దొరకదు. కంటి వెనుక పొరను (రెటీనాను) ఫొటో తీసే 45 డిగ్రీల ఫండస్ కెమెరాతో కంటికి రెండు ఫొటోలు తీయండి. ఒకదానికి మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా భాగం) మధ్యలో ఉండాలి, రెండోదానికి డిస్క్ (కంటి నరం మొదలయ్యే చోటు). పైగా ఫొటో అయితే దాచుకోవచ్చు, వచ్చే ఏడాది పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

ఫొటో కంటే ముందు, చుక్కలు వెయ్యకముందే, చూపు కొలవాలి. 6 మీటర్ల స్నెల్లెన్ చార్ట్, ఒక్కో కన్ను విడిగా, దూరపు అద్దాలు ఉంటే పెట్టుకునే. తగ్గితే పిన్‌హోల్ పెట్టి చూడండి. దాంతో మెరుగైతే చాలావరకు అద్దాల లెక్కే. మెరుగవ్వకపోతే ఫొటో ఎంత శుభ్రంగా ఉన్నా పంపాల్సిందే. ఎందుకంటే మామూలు ఫొటోకు లోతు తెలియదు, మాక్యులా వాపు దానికి దొరక్కపోవచ్చు. వాపు తేల్చేది ఓసీటీ, అంటే రెటీనా పొరలను అడ్డకోతలా చూపే స్కాన్.

ఇక గ్రేడింగ్, అంటే షుగర్ వల్ల రెటీనా చెడిపోవడం (రెటినోపతి) ఏ దశలో ఉందో తేల్చడం. సూదిమొనతో పొడిచినట్టు ఎర్రచుక్కలు, అంటే మైక్రోఅన్యూరిజమ్‌లు మాత్రమే ఉంటే తేలికపాటి దశ. ఏడాదికి మళ్లీ ఫొటో. వాటితో పాటు రక్తపు మచ్చలు, దూది పింజల్లాంటి తెల్లమచ్చలు ఉంటే మధ్యస్థం, కొన్ని నెలల్లోపు కంటి డాక్టర్ చూడాలి. తీవ్ర దశకు 4-2-1 గుర్తుపెట్టుకోండి: రెటీనా నాలుగు భాగాల్లో ఒక్కోదాంట్లో ఇరవైకి మించి రక్తపు మచ్చలు, రెండు భాగాల్లో పూసల దండలా ఉబ్బిన సిరలు, ఒక భాగంలో ఇర్మా (రెటీనా లోపలే వంకరటింకరగా మారిన సన్నటి నాళాలు). ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా తీవ్రమే, వారాల్లో పంపాలి. కొత్త రక్తనాళాలు మొలిచినా, విట్రియస్‌లో (కంటి లోపలి జెల్లీలో) రక్తం కనిపించినా రోజుల్లోనే. చూపు హఠాత్తుగా పోతే ఆ రోజే.

ఫోవియా (మాక్యులా నడిబొడ్డు) నుంచి ఒక డిస్క్ వెడల్పు లోపల, అంటే సుమారు 1.5 మిల్లీమీటర్లలో, పసుపు ఎక్సుడేట్లు (నాళాల నుంచి కారి పేరుకున్న కొవ్వు మచ్చలు) ఉంటే చూపు 6/6 ఉన్నా పంపండి.

ఫొటో_గ్రేడర్:
చుక్కలు లేకుండా తీసే కెమెరా మంచిదే. కానీ దానికి కంటిపాప 4 మిల్లీమీటర్ల దాకా విచ్చుకోవాలి. గది చీకటి చేసి, తెరలు దించి, మనిషిని అయిదు నిమిషాలు అందులో కూర్చోబెట్టాకే మొదలుపెట్టండి. ఒక కంట్లో ఫ్లాష్ పడితే రెండోది కూడా ముడుచుకుంటుంది. వెంటనే తీస్తే రెండో కన్ను ప్రతిసారీ నల్లగానే వస్తుంది. రెండు మూడు నిమిషాలు ఆగాలి.

షుగర్ పాతదైన పెద్దవాళ్లలో కంటిపాప మొండికేస్తుంది. మొదటి ప్రయత్నం కుదరకపోతే ట్రోపికమైడ్ 1 శాతం ఒక చుక్క వేసి, ముక్కు పక్క కంటి మూలను నిమిషం పాటు నొక్కి ఉంచమనండి. 20–30 నిమిషాల్లో విచ్చుకుంటుంది. నాలుగైదు గంటలు దగ్గరి చూపు మసకగా ఉంటుంది, బండి నడపొద్దని ముందే చెప్పాలి. ఫినైల్‌ఎఫ్రిన్ 10 శాతం జోలికి పోవద్దు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం.

చెడిన ఫొటోను చూస్తే కారణం తెలిసిపోతుంది. రెండు కళ్లలోనూ ఒకే చోట మచ్చ ఉంటే అది జబ్బు కాదు, లెన్స్ మీద దుమ్మో వేలిముద్రో. కింది అంచున తెల్లటి చారలు పడితే రెప్పవెంట్రుకలు. అంచు వెంబడి అర్ధచంద్రంలా తెల్లటి పొగ కమ్మితే కెమెరా దూరం కుదరలేదు, లేదా కంటిపాప చాల్లేదు. పాప బాగా విచ్చుకున్నా అంతా మసకే అంటే శుక్లం అనుకోండి.

ఫోవియా చుట్టూ సన్నటి రక్తనాళాలు విడివిడిగా కనిపిస్తున్నాయా? లేకపోతే ఆ కంటికి 'నార్మల్' అని రాయకండి. 'చదవలేం' అని రాయండి. చదవలేనిది కూడా రెఫరలే. స్క్రీనింగ్‌లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే: మచ్చలేవీ కనపడలేదు కాబట్టి లేవనుకుంటారు.

క్లినిక్_ఓపీ:
చుక్కలు వేస్తే గ్లకోమా దాడి (కంట్లో ఒత్తిడి హఠాత్తుగా పెరగడం) వస్తుందని నర్సులు జంకుతున్నారు. ఏఐ సాఫ్ట్‌వేర్ పెడితే గ్రేడింగ్ భారం తగ్గుతుందా?

రెటీనా_గది:
ట్రోపికమైడ్‌తో అలా జరగడం చాలా అరుదు. అయినా టార్చ్ పరీక్ష పది సెకన్ల పని. చెవి వైపు నుంచి ఐరిస్‌కు (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొరకు) సమాంతరంగా వెలుగు వెయ్యండి. ముక్కు వైపు ఐరిస్ కూడా వెలిగితే ముందు గది (కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య ఖాళీ) లోతుగా ఉన్నట్టు. అక్కడ నీడ పడితే చుక్కలు వెయ్యకుండా పంపండి. ఓపెన్ యాంగిల్ గ్లకోమాకు (నెమ్మదిగా ముదిరే రకానికి) మందులు వాడుతున్నంత మాత్రాన చుక్కలు మానక్కర్లేదు. ఇంటికెళ్లాక కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే వెంటనే రావాలని చీటీ మీద రాసివ్వండి.

ఏఐ సంగతి. అమెరికా ఎఫ్‌డీఏ 2018 ఏప్రిల్‌లో ఐడీఎక్స్-డీఆర్ అనే ఏఐ సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇచ్చింది. ఫ్యామిలీ క్లినిక్‌లలోనే చేసిన పరీక్షలో దాని సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకోవడం) 87.2 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లను లేదని చెప్పడం) 90.7 శాతం. బాగానే ఉంది. కానీ అది చెప్పేది ఒక్కటే, తేలికపాటి దశ దాటిందా లేదా అని. గ్లకోమాతో ఆప్టిక్ డిస్క్ గుంటలు పడినా దానికి పట్టదు. రెటినోపతి ముందే తేలినవాళ్లకూ అది ఉద్దేశించింది కాదు. ఫొటో చెత్తగా ఉంటే తిప్పికొడుతుంది కాబట్టి తీసే మనిషికి తర్ఫీదు తప్పదు.

మధుమేహం_పద్దు:
కెమెరా కంటే పద్దు ముఖ్యం. టైప్ 2 అని తేలిన రోజే మొదటి పరీక్ష, టైప్ 1 అయితే అయిదేళ్లలోపు, ఆపైన ఏటా. షుగర్ ఉన్న ఆడవాళ్లకు గర్భానికి ముందో మొదటి మూడు నెలల్లోనో, తర్వాత కంటి డాక్టర్ చెప్పినన్ని సార్లు. గర్భంతోనే వచ్చిన షుగర్‌కు ఇది అక్కర్లేదు.

రిజిస్టర్‌లో ఫొటో తేదీ పక్కనే రెండు గళ్లు గీయండి, 'పంపాం', 'చేరారు' అని. రెండోది ఖాళీగా ఉన్నవాళ్లకు వారం వారం ఫోన్ వెళ్లాలి. రెఫరల్ ఉత్తరంలో షుగర్ ఎన్నేళ్లుగా ఉందో, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), బీపీ, క్రియాటినిన్, రెండు కళ్ల చూపు రాసి ఫొటోలు జతచెయ్యండి.

ఇన్సులిన్ మొదలుపెట్టబోయే ముందు, లేదా షుగర్ తగ్గించే సెమాగ్లుటైడ్ రాసేముందు, ఫొటో ఎప్పటిదో చూడండి. హెచ్‌బీఏ1సీ గబుక్కున పడిపోతే అప్పటికే ఉన్న రెటినోపతి కొన్నాళ్లు ముదురుతుంది. మందు మానమని కాదు, కన్ను చూసి మొదలుపెట్టమని. మాక్యులా వాపు అనుమానం ఉంటే పియోగ్లిటాజోన్ అనే షుగర్ మాత్ర కొనసాగించొద్దు. గుండె కోసం వాడే ఆస్పిరిన్‌ను మాత్రం రెటినోపతి ఉందని ఆపకండి, దానివల్ల కంట్లో రక్తస్రావం పెరగదు.