మెక్ పోరాట ఆటల్లో ఆయుధాలన్నీ క్షణంలో ఒకే బిందువున కలవడం న్యాయమేనా?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి)

మెక్‌వారియర్ ఆన్‌లైన్ అనే కంప్యూటర్ ఆటలో గురి గుర్తు దేని మీద పడితే, మన మెక్ (పైలట్ లోపల కూర్చుని నడిపే భారీ పోరాట యంత్రం) మోసే ఆయుధాలన్నీ అదే క్షణంలో దాని దూరానికి సర్దుకుంటాయి. కుడి చేతి లేజరుకూ ఎడమ ఛాతీలోని ఫిరంగికీ మధ్య నాలుగు మీటర్ల ఎడం ఉన్నా, దెబ్బలన్నీ జానెడు చోటులోనే పడతాయి. ఈ ఏర్పాటు తప్పని నా అభిప్రాయం.

దీనికి మూలమైన బ్యాటిల్‌టెక్ 1984లో బల్ల మీద పాచికలతో ఆడే ఆటగా వచ్చింది. అందులో ప్రతి ఆయుధానికీ దెబ్బ ఎక్కడ తగిలిందో విడివిడిగా పాచికలు వేసి తేలుస్తారు. ఎదురుగా నిలిచిన మెక్‌కు ఒక దెబ్బ నడి ఛాతీలో తగిలే అవకాశం 36లో 7 వంతులు. రెండు దెబ్బలూ అక్కడే తగలడం సుమారు 26 సార్లలో ఒకసారి మాత్రమే జరుగుతుంది. కవచం లెక్కలన్నీ ఆ చెదురుమదురు దెబ్బలను తట్టుకునేలా కట్టినవి. కంప్యూటర్ ఆటలో ఆ చెదరడం పోయింది కనుక కవచాన్ని రెట్టింపు చేయవలసి వచ్చింది. అదీ చాలక 2013లో, ఒకే జాతి ఆయుధాలను పరిమితికి మించి ఒక్కసారిగా పేలిస్తే అదనపు వేడి పుట్టే నియమం తెచ్చారు. ఆటగాళ్ళు ఘోస్ట్ హీట్ అని పిలుచుకునే ఈ నియమానికి యంత్రంలో ఏ కారణమూ కనిపించదు. పునాదిలోని లోపానికి పైన వేసిన అతుకులుగానే వీటిని నేను చూస్తున్నాను.

బదులు (జయనగర్ నుంచి)

మీ లెక్క సరైనదే కాని, దెబ్బలు మళ్ళీ చెదరాలంటే అదృష్టాన్ని తేవాలి, ఆ మందు రోగం కన్నా చేదుగా ఉంటుందని నా భయం. వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్ అనే ట్యాంకుల ఆటలో గురి వలయం పూర్తిగా ముడుచుకున్న తర్వాత కూడా గుండు ఆ వలయంలో ఎక్కడైనా పడవచ్చు. ఊపిరి బిగబట్టి గురి చూసినవాడికీ, తోచినట్టు పేల్చినవాడికీ మధ్య తేడాను అదృష్టం చెరిపేయడం నేను ఎన్నోసార్లు అనుభవించాను. మెక్ ఆటలో నా గుండు నేను చూసిన చోటికే వెళుతుంది, తప్పితే ఆ తప్పు నాదే.

పైగా ఎదుటివాడు చేతులు ముడుచుకుని కూర్చోడు. దెబ్బ పడే ముందు నడుము పై భాగాన్ని పక్కకు తిప్పి, దాన్ని భుజం మీదికో చేతి మీదికో మళ్ళించుకోవడం ఈ ఆటలో నేర్వవలసిన మొదటి విద్య. లేజరు కిరణం మెరుపులా పడి ఆగిపోదు, కొంతసేపు మండుతుంది కనుక ఆ వ్యవధిలో అటూ ఇటూ తిరిగితే దెబ్బ దానంతట అదే పంచుకుపోతుంది.

బదులు (కేఆర్ పురం నుంచి)

చరిత్రలో ఒక ముక్క చేరుస్తాను. మొదట్లో ఈ ఆటలో ఆయుధాలు కలవడానికి కొంత సమయం పట్టేది. తక్షణ కలయిక వచ్చాక, ఆ సమయాన్ని తగ్గించే ‘పిన్‌పాయింట్’ అనే పైలట్ నైపుణ్యం ఏ పనీ చేయకుండా పట్టికలో మిగిలిపోయింది. ఆటగాడు పేల్చిన సంగతి సర్వరుకు కాస్త ఆలస్యంగా చేరుతుంది కనుక, ప్రతి తుపాకీ ఆ క్షణాన ఏ కోణంలో ఉందో అది వెనక్కి వెళ్ళి లెక్కించడం కష్టం. మారతహళ్ళి మిత్రులు ఏ పద్ధతి సూచించినా ఈ చిక్కుకు జవాబు చెప్పాలి.

బదులు (మారతహళ్ళి నుంచి)

పాచికలను తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. జయనగర్ వారు చెప్పిన అదృష్టపు వలయం నాకూ ఇష్టం లేదు. నా అభ్యంతరం ఒక్కటే: దూరం అనేది పైలట్ అంచనా వేయవలసిన విషయం, దాన్ని ఆట ఉచితంగా ఇచ్చేస్తోంది.

మా ఇంటికి దగ్గరలోనే ఉన్న హెచ్‌ఏఎల్ విమాన మ్యూజియంలో మారుత్ యుద్ధవిమానాన్ని చూసినప్పుడు ఈ ఆలోచన నాకు గట్టిపడింది. దాని నాలుగు 30 మి.మీ. ఫిరంగులూ ముక్కు దగ్గరే గుమిగూడి ఉంటాయి కనుక గుండ్లు కలిసే దూరం అంత పెద్ద సమస్య కాదు. రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ విమానం స్పిట్‌ఫైర్‌కు ఎనిమిది మెషిన్ గన్లు రెక్కల్లో విడివిడిగా ఉండేవి. అవి 400 గజాల దగ్గర కలిసేలా బిగించి ఉంటే, 1940 నాటి పోరాటాల్లో పైలట్లు దాన్ని 250 గజాలకు తగ్గించుకున్నారు. అంత దగ్గరగా వెళ్ళి కొడతామని నిర్ణయించుకున్నవారే ఆ మార్పు చేసుకున్నారు, అందులో అదృష్టం పాత్ర లేదు.

మెక్‌కు అదే వర్తింపజేద్దాం. నడిరేఖకు రెండువైపులా రెండేసి మీటర్ల దూరంలో ఉన్న తుపాకులను 300 మీటర్లకు బిగిస్తే, 150 మీటర్ల దగ్గర గుండ్లు మధ్యకు చెరొక మీటరు ఎడంగా పోతాయి. 600 మీటర్ల దగ్గర ఒకదాన్నొకటి దాటి చెరో రెండు మీటర్లు తప్పుతాయి. ప్రతిసారీ ఇంతే జరుగుతుంది కనుక అభ్యాసంతో వశమవుతుంది. వార్ థండర్ అనే యుద్ధపు ఆటలో విమానపు తుపాకులకు ఈ దూరాన్ని ఆటగాడే ముందుగా పెట్టుకునే వీలు ఇప్పటికే ఉంది. కోణం ముందే స్థిరపడింది కనుక సర్వరు వెనక్కి వెళ్ళి వెతకవలసిందీ ఉండదు. కేఆర్ పురం మిత్రులకు నా జవాబు ఇదే.

ఇక తక్షణ కలయిక నైపుణ్యాన్ని కాపాడుతుందన్న మాట. పరుగెడుతున్న మెక్‌ను పీపీసీలతో (కణాలను విసిరే ఫిరంగులు, వాటి దెబ్బ చేరడానికి కొంత సమయం పడుతుంది) కొట్టాలంటే దాని ముందున్న ఖాళీ చోటికి గురి పెట్టాలి కదా. అప్పుడు గురి గుర్తు వెనుక ఉన్న కొండ మీద పడుతుంది, తుపాకులు ఆ కొండ దూరానికి సర్దుకుంటాయి, సరిగ్గా అంచనా వేసి కొట్టినవాడి గుండ్లు లక్ష్యానికి చెరోపక్క నుంచి పోతాయి. నిలబడి ఉన్నదాన్ని కొట్టేవాడికి అందే సాయం, కష్టమైన గురి చూసేవాడికి శిక్షగా మారుతోంది.

బదులు (జయనగర్ నుంచి)

కొండ సంగతి నిజం, నా గుండ్లూ అలా ఎన్నో పోయాయి. అదృష్టం లేని పద్ధతి అయితే నా ప్రధాన అభ్యంతరం తొలగినట్టే. కాని హంచ్‌బ్యాక్ (గూనివాడు) అనే మెక్ లాగా ఆయుధబలంలో ఎక్కువ భాగాన్ని ఒకే భుజంలో పేర్చుకున్న మెక్‌లకు ఇది అయాచిత వరం కాదా?

బదులు (మారతహళ్ళి నుంచి)

వరమే, కాని అయాచితం కాదు. ఆ గూని భుజాన్ని ఎదుటివాడు మొదట ఊడగొడతాడు, దానితో పాటే మెక్ ఆయుధబలంలో అధికభాగం పోతుంది. ఆయుధాలను రెండు చేతులకూ పంచుకున్నవాడికి ఒక చెయ్యి తెగినా రెండోది మిగులుతుంది. ఇప్పుడు గురి విషయంలో ఆ ఇద్దరికీ ఏ తేడా లేదు. గ్యారేజీలో తుపాకీని ఎక్కడ బిగించాలన్న నిర్ణయానికి గురితో సంబంధం ఏర్పడాలన్నదే నా కోరిక.