నడుము నొప్పికి సూది వేస్తే నీలం మచ్చ: చీము గడ్డేనా?

కృష్ణాతీరం:
నాన్నగారికి నడుము పట్టేస్తే పక్క వీధి క్లినిక్‌లో పిరుదుకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేశారు. మందు ఎక్కుతుండగానే కేక పెట్టారు. పన్ను పీకించుకున్నప్పుడు కూడా మూలగని మనిషి. ముందు అక్కడ చర్మం పాలిపోయింది. సాయంత్రానికి అరచేయంత మేర నీలం, ఎరుపు కలిసి వల పరిచినట్టు అయింది. జ్వరం లేదు. మందు పడలేదు, ఐసు పెట్టండి అన్నారు. పెట్టవచ్చా?

నర్సమ్మ (విశ్రాంత స్టాఫ్ నర్సు):
ఐసు వద్దు బాబూ. చల్లదనానికి రక్తనాళాలు ఇంకా ముడుచుకుంటాయి. చీము గడ్డ గంటల్లో లేవదు. మందు పడకపోతే సాధారణంగా ఒళ్లంతా దద్దుర్లు, దురద, ఆయాసం. సూది దిగగానే భరించలేని నొప్పి, పాలిపోవడం, ఆపైన వలలాంటి మచ్చ: ఈ వరస చూస్తే నికోలౌ సిండ్రోమ్ అని అనుమానం. చూడకుండా తేల్చలేను, ఈ రాత్రే సర్జన్‌కు చూపించండి. కాలు చల్లబడినా, తిమ్మిరెక్కినా నేరుగా అత్యవసర విభాగానికే.

అరుదే గానీ కొత్తది కాదు. సిఫిలిస్‌కు బిస్మత్ సూదులు వేసే రోజుల్లో, 1924లో ఫ్రాయిడెంతాల్, 1925లో నికోలౌ దీన్ని వర్ణించారు. ఇప్పుడు డైక్లోఫెనాక్‌తోనూ, బెంజాతిన్ పెన్సిలిన్‌తోనూ కనిపిస్తుంది. మందు ధమనిలోకో, దాని చుట్టూనో చేరి చర్మానికి రక్తం అందకుండా చేస్తుందని అంటారు.

గోదారిగట్టు:
వేపాకు, పసుపు నూరి కట్టండి. మా అత్తకు అలాగే మానింది.

నర్సమ్మ:
మీ అత్తగారిది మామూలు గడ్డ అయి ఉంటుంది. దీని మీద పసుపు పట్టిస్తే రేపు సర్జన్‌కు చర్మం రంగే తెలియదు.

కృష్ణాతీరం:
చూపించామమ్మా, మీరు చెప్పిన పేరే చెప్పారు. మధ్యలో నల్లబడుతోంది. చచ్చిన చర్మం హద్దు తేలాక కోసి తీసేస్తారట. సూది వేసినవారి తప్పేనా?

నర్సమ్మ:
తప్పని నేననను. పిరుదు పైభాగంలో బయటి వైపే వేసి, పిస్టన్ వెనక్కు లాగి రక్తం రాలేదని చూసుకున్నా ఒక్కోసారి జరుగుతుంది. నా కోపం వేరే. పట్టేసిన నడుముకు మాత్ర చాలదా? సూది పడనిదే వైద్యం చేసినట్టు కాదనుకుంటాం మనం! సరే, చీటీ మీద మందు పేరు, తేదీ రాయించుకోండి. మచ్చ ఫోటో రోజూ తీయండి. నాన్నగారికి షుగర్ ఉందా?

కృష్ణాతీరం:
ఉంది, డాక్టరుగారికి చెప్పాం. కట్టు మార్చడానికి ఇంటికి నర్సును పిలవవచ్చా?

నర్సమ్మ:
కోత అయ్యాక కొన్నాళ్లు ఆసుపత్రిలోనే మార్పించండి. షుగర్ ఉన్నవారి పుండును సర్జన్ కళ్లారా చూడాలి. ఎర్రటి కొత్త కండ పట్టాక, ఆయన సరేనంటే ఇంటి దగ్గర చేయించుకోవచ్చు.