మే సెలవుల్లో ధ్రువ కాంతులు: ట్రామ్సో ప్యాకేజీ తీసుకోవచ్చా?

ప్రశ్న (బెంగళూరు, కె.ఆర్.పురం):
అందరికీ నమస్కారం. ధ్రువ కాంతులు (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, అరోరా) చూడాలని అమ్మకు ఎన్నాళ్ళనుంచో కోరిక. పిల్లల బడి సెలవులు చూసుకుని మే చివరి వారం వెళ్దామనుకున్నాం. నార్వేలోని ట్రామ్సోకి తీసుకెళ్తానని, కాంతులు తప్పకుండా కనిపిస్తాయని ఒక ట్రావెల్ ఏజెంట్ చెప్పి, రేపటిలోగా అడ్వాన్స్ కట్టమంటున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (బెంగళూరు, జయనగర్):
దయచేసి కట్టకండి. మే 20 ప్రాంతం నుంచి జులై మూడో వారం దాకా ట్రామ్సోలో సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడా పగలే. పైన కాంతులు ఉన్నా, పట్టపగలు చుక్కలు కనిపించనట్టే అవీ కనిపించవు. ఈ మాట దాచి అమ్మగారి కోరిక మీద డబ్బు అడుగుతున్నారంటే బాధగా ఉంది.

మే నెలే కుదురుతుందంటే దక్షిణార్ధగోళానికి వెళ్ళండి. అక్కడ అప్పుడు చలి మొదలై రాత్రులు పొడుగ్గా ఉంటాయి. టాస్మేనియాలో హోబార్ట్, న్యూజిలాండ్ కొసన ఇన్వర్‌కార్గిల్, స్టూవర్ట్ దీవి మంచి చోట్లు. మ్యాపులో అర్జెంటీనా ఉషువాయా ఇంకా కిందికి ఉంది కదా అనిపిస్తుంది. కానీ కాంతులు వచ్చేది భూమి దక్షిణ అయస్కాంత ధ్రువం చుట్టూ, కాబట్టి లెక్క దానితో. అది ఆస్ట్రేలియా వైపు ఒరిగి ఉంది కాబట్టి ఉషువాయా కన్నా హోబార్ట్‌కే అవకాశం ఎక్కువ.

అయితే హోబార్ట్‌లో కాంతులు దక్షిణాన నేలబారుగా కనిపిస్తాయి, అదీ కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె) 5, 6 దాటిన రోజుల్లోనే. ట్రామ్సోలో 2 ఉన్నా నెత్తి మీదే ఆడతాయి. అందుకే టాస్మేనియాకు ఊరు చూడటానికి వెళ్ళి, కాంతులు కనిపిస్తే అదృష్టం అనుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, పెద్ద టెన్షన్ తీర్చారు. ఫొటోల్లో ఉన్నంత ఆకుపచ్చగా కంటికి కనిపిస్తాయా? అమ్మకు 67 ఏళ్ళు, చలికి ఆగలేదు.

జవాబు (జయనగర్):
నేను ఫిబ్రవరిలో చూశాను. మొదట పలచటి తెల్ల మబ్బు అనుకున్నాను. కానీ దాని గుండా చుక్కలు కనిపిస్తున్నాయి, మబ్బైతే కప్పేసేది. ఫోన్ నైట్ మోడ్‌లో తీస్తే ఆకుపచ్చగా వచ్చింది. చీకట్లో మన కంటికి రంగులు అంతగా తెలియవు. ఇరవై నిమిషాలకు ఆ వెలుగు ముదిరి, దండెం మీద ఆరేసిన చీర గాలికి ఊగినట్టు కదిలింది. అప్పుడు వట్టి కంటికే ఆకుపచ్చ కనిపించింది, కింది అంచున కొంచెం గులాబీ. ఆకుపచ్చ 100 కిలోమీటర్ల పైనున్న ఆక్సిజన్‌ది, గులాబీ నైట్రోజన్‌ది. ఫోన్ మాత్రం లోపలి జేబులో పెట్టుకోండి, చలికి ఛార్జింగ్ ఇట్టే దిగిపోతుంది.

అమ్మగారి కోసమైతే నా సలహా దసరా సెలవులు. సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో ట్రామ్సోలో చీకటి బాగానే పడుతుంది, ఫిబ్రవరి అంత చలి ఉండదు, విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) దగ్గర కాంతుల జోరూ ఎక్కువ. పైగా నవరాత్రులు అమావాస్య మర్నాడే మొదలవుతాయి, తొలి రోజుల్లో వెన్నెల అడ్డుండదు. మబ్బు పట్టొచ్చు కాబట్టి నాలుగు రాత్రులైనా ఉంచుకోండి.

మరొకరు (చెన్నై, వేళచ్చేరి):
2024 మేలో లడఖ్ హాన్లేలోనే కనిపించాయి కదా, అక్కడికి వెళ్తే సరిపోదా?

జవాబు (జయనగర్):
అది చాలా ఏళ్ళకు వచ్చిన పెద్ద సౌర తుఫాను. ఆ ఎర్రటి వెలుగును మన కోరమంగల ఖగోళ భౌతిక సంస్థవాళ్ళ హాన్లే కెమెరాలు పట్టాయి. దాన్ని నమ్ముకుని టికెట్లు కొనలేం. పైగా అక్కడ ఎత్తు సుమారు 4,500 మీటర్లు, పెద్దవాళ్ళకు ఊపిరి కష్టం.

ప్రశ్న అడిగినవారు:
అడ్వాన్స్ కట్టలేదు. అమ్మతో దసరా అంటే మొదట బొమ్మల కొలువు సంగతే అడిగింది. మల్లేశ్వరంలో మా అక్క ఈసారి కొలువు వాళ్ళింట్లో పెడతానంది. బొమ్మల పెట్టె ఆదివారం అక్కడికి చేరుస్తున్నాం.