ఫోన్లో టకటకా నోట్స్ రాసుకోవడానికి మీరేం వాడుతున్నారు?

దేవరకొండ_మోటార్స్
బోరు మోటార్ల రిపేరు నా పని. చేను దగ్గర నిలబడితే రైతు గడగడా చెప్పుకుంటూ పోతాడు: బోరు ఎంత లోతు, మోటారు ఎన్ని స్టేజీలు, కేబుల్ ఎప్పుడు మార్చిండు. నా చేతులకేమో గ్రీజు. యాప్ తెరిచి కొత్త నోట్ తీసేలోపు సగం మాటలు పోతాయి. ఒక్క నొక్కుతో అయ్యే పద్ధతి ఉంటే చెప్పండి.

మిర్యాలగూడ_మిల్లు
వాట్సాప్ చాలన్నా. మనకు మనమే మెసేజ్ పంపుకునే సౌకర్యం 2022 చివర్లో వచ్చింది. అంతకుముందు ఇంకొకర్ని చేర్చి గ్రూపు చేసి, వాళ్లను తీసేసి వాడుకునేటోళ్లం. మీ సొంత చాట్ తెరిచి, పైన మూడు చుక్కల్లో 'మోర్' నొక్కితే 'యాడ్ షార్ట్‌కట్' కనబడుతుంది. అది హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి. లారీ నంబరు, బస్తాల లెక్క, వడ్ల తేమ అన్నీ నావి అందులోనే.

పాలమూరు_టీచర్
వాయిస్ మెసేజ్ పెట్టడం సులువే. రాత్రి కూర్చుని అవన్నీ వినే ఓపిక ఎవరికుంది? నేను గూగుల్ వాళ్ల నోట్స్ యాప్ కీప్‌లో చెబుతాను, మాట అక్షరాల్లో పడుతుంది, ఆడియో కూడా ఉంటుంది. కీప్ ఐకాన్‌ను గట్టిగా నొక్కి పట్టుకుంటే చిన్న మెనూ వస్తుంది, అందులోది కావాల్సింది లాగి స్క్రీన్ మీద పెట్టుకోవచ్చు. ఒక్కటే చిరాకు: ఆలోచించుకుంటూ కాస్త ఆగితే రికార్డింగ్ ఆగిపోతుంది. ముందే వాక్యం మనసులో అనుకుని చెప్పాలి.

అచ్చంపేట_కథలు
బస్సులో అది నడవదు టీచరమ్మా. ఇంజను మోత, పక్కవాళ్ల ఫోన్లు. పైగా మన పాలమూరు మాట చెబితే అది పుస్తకాల తెలుగు చేసి పెడుతుంది. కథకు నాకు కావాల్సింది ఆ యాసే. అందుకని గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డులో, ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు లిపి వచ్చే 'ఏబీసీ నుంచి తెలుగు' కీబోర్డు పెట్టుకుని వేళ్లతోనే కొడతాను. పూర్తి వాక్యం రాయను. మొన్న జడ్చర్ల బస్టాండులో ఒక ముసలామె కండక్టరును అడిగిన మాట, ఆమె చేతిలోని సంచి రంగు, అంతే. ఇంటికొచ్చాక ఆ రెండు ముక్కలతో మిగతాదంతా గుర్తొస్తుంది. మన్ననూరు దాటితే సిగ్నల్ దొరకదు గాని కీప్ నెట్ లేకున్నా రాసుకుంటుంది, తర్వాత తానే సర్దుకుంటుంది.

నల్లగొండ_బత్తాయి
రాసుకోవడం గురించే అందరూ చెబుతున్నారు. దొరకబట్టుకోవడమే అసలు తిప్పలు! నేను ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాడిని. ఒకరోజు 'బత్తాయి'కి రెండు టీలు, ఇంకోరోజు టీహెచ్, మరోసారి చివర వై. వెతికితే మూడోవంతు కూడా దొరకదు. ఇప్పుడు తోట యజమాని పేరు, ఊరు మాత్రం తెలుగు లిపిలోనే, ఎప్పుడూ ఒకేలా రాస్తాను. మిగతాది ఎట్లున్నా పర్వాలేదు. ఇంకోటి: నోట్స్ ఒకే చోట ఉండాలి. సగం వాట్సాప్‌లో, సగం కీప్‌లో, సగం గ్యాలరీలో పెడితే మూడు చోట్లా వెతకాల్సిందే.

మిర్యాలగూడ_మిల్లు
మూడు సగాలా అన్నా 😄 లెక్క తేడాగా ఉంది గాని మాట నిజం.

గద్వాల_నేత
ఐఫోన్ వాళ్లకు ఒక ముక్క. ఐఫోన్ 8, ఆ తర్వాతి వాటిలో సెట్టింగ్స్ తెరిచి యాక్సెసిబిలిటీ, టచ్‌లోకి పోతే 'బ్యాక్ ట్యాప్' ఉంటుంది. ఫోను వెనక రెండుసార్లు తడితే షార్ట్‌కట్ నడుస్తుంది. నోట్ తెరిచే షార్ట్‌కట్ దానికి కట్టుకున్నా. చీర డిజైన్ నంబర్లు మగ్గం మీద నుంచి లేవకుండానే ఎక్కిస్తా.

పాలమూరు_టీచర్
దేవరకొండ అన్నా, మీకు గ్రీజు చేతులు కాబట్టి ఫోటో మేలు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా వస్తుంది. మోటారు ప్లేటు తీసుకుంటే హెచ్‌పీ, స్టేజీలు అందులోనే ఉంటాయి. లోతు, కేబుల్ సంగతులు వీడియో పెట్టి రైతునే చెప్పమనండి.

దేవరకొండ_మోటార్స్
ఇది బాగుందమ్మా, రైతు గొంతే సాక్ష్యం కూడా అవుతుంది. కానీ గ్యాలరీలో పెళ్లి ఫోటోల మధ్య ఇవి కలిసిపోతాయి కదా?

నల్లగొండ_బత్తాయి
సాయంత్రం చేతులు కడుక్కున్నాక కీప్‌లోకి లాగి, పైన 'చందంపేట' అని ఊరు పేరు తెలుగులో కొట్టండి. వీడియోలు కీప్‌లోకి ఎక్కవు, వాటిని మీ సొంత వాట్సాప్ చాట్‌కు పంపి కింద అదే ఊరు పేరు రాయండి.

దేవరకొండ_మోటార్స్
మళ్లీ రెండు చోట్లా! సరే, ముందు ప్లేటు ఫోటోలతో మొదలుపెడతా. రేపు రెండు బోర్లున్నాయి.