కంటైనర్‌కి మౌంట్ చేసిన ఫోల్డర్ గుండా హోస్ట్‌లో రూట్ రాకుండా ఎలా ఆపాలి?

బ్యాకెండ్‌బాబు:
ఒకే లైనక్స్ సర్వర్‌లో టీమ్ అందరికీ ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్లు ఉన్నాయి, సుడో (రూట్, అంటే పూర్తి అధికారం, ఇచ్చే కమాండ్) లేదు. హోస్ట్‌లోని (అంటే ఆ సర్వర్‌లోని) /ఎస్‌ఆర్‌వి/అప్‌లోడ్స్‌ని డాకర్ కంటైనర్‌కి (యాప్‌ని విడిగా నడిపే పెట్టెకి) రీడ్-రైట్‌గా మౌంట్ చేసి ఇచ్చాం. యాప్ లోపల రూట్‌గానే నడుస్తోంది. నో-న్యూ-ప్రివిలేజెస్ (ప్రాసెస్‌కి కొత్త అధికారాలు రాకుండా ఆపే ఆప్షన్) పెట్టి, కేపబిలిటీలన్నీ (రూట్ అధికారాల ముక్కలు) డ్రాప్ చేశాం. సరిపోతుందా?

సెట్‌యూఐడీ_వేట:
సరిపోదండీ. ఆ రెండూ కంటైనర్ లోపలి ప్రాసెస్‌కే కళ్లెం. యూజర్ నేమ్‌స్పేస్ (లోపలి యూజర్ నంబర్లని హోస్ట్‌లో వేరే నంబర్లుగా చూపే ఏర్పాటు) లేకపోతే లోపలి యూఐడీ (యూజర్ నంబర్) 0, అంటే రూట్, హోస్ట్ యూఐడీ 0 ఒక్కటే. యాప్‌లో దూరినవాడు అప్‌లోడ్స్‌లో ఒక బైనరీ రాసి 4755 పర్మిషన్ ఇస్తే హోస్ట్‌లో అది రూట్ సొంతమైన సెట్‌యూఐడీ ఫైలే, అంటే ఎవరు రన్ చేసినా ఓనర్ అధికారంతో నడిచేది. సొంత ఫైల్ మోడ్ మార్చడానికి ఏ కేపబిలిటీ అక్కర్లేదు. మామూలు లాగిన్‌తో ఎవరు దాన్ని రన్ చేసినా రూట్ అయిపోతారు.

ముందు రన్ కమాండ్‌లో యూజర్ ఆప్షన్ ఇవ్వండి. అలవాటుగా 1000:1000 ఇవ్వకండి, హోస్ట్‌లో మొదటి లాగిన్ యూజర్‌ది సాధారణంగా అదే నంబర్. ఎవరికీ లేని 20001 లాంటిది తీసుకుని, ఫోల్డర్ ఓనర్‌గా అదే పెట్టండి.

తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్‌ల జాబితా ఉండే ఫైల్) ఆ ఫోల్డర్‌ని దాని మీదే బైండ్ మౌంట్ చేసి నోసూయిడ్ (సెట్‌యూఐడీని పనిచేయనివ్వదు), నోడెవ్ (డివైస్ ఫైళ్లని పనిచేయనివ్వదు) చేర్చండి. ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌లో నోసూయిడ్ కనిపిస్తేనే పడినట్టు. పాత మౌంట్ వెర్షన్లలో బైండ్ అయ్యాక రీమౌంట్ విడిగా కొట్టాలి.

మౌంట్‌మాస్టారు:
పైదానికి తోడు ఇంకో చిట్కా, నా లెక్కలో దీనికే మార్కులెక్కువ. పై ఫోల్డర్‌ని రూట్ పేరిట 0700 (ఓనర్ తప్ప ఎవరూ లోపలికి వెళ్లలేని పర్మిషన్) చేసి, డేటాని దాని లోపలి సబ్‌ఫోల్డర్‌లో ఉంచి, సబ్‌ఫోల్డర్‌ని మాత్రమే మౌంట్ చేయండి. బైండ్ మౌంట్ నేరుగా సబ్‌ఫోల్డర్‌కే తగులుతుంది కాబట్టి కంటైనర్‌కి అడ్డు లేదు. హోస్ట్ యూజర్లు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోతారు. డాకర్ సొంత డేటా ఫోల్డర్లలోనే ఈ పర్మిషన్ వదులుగా ఉండి సీవీఈ-2021-41091 అనే భద్రతా లోపం వచ్చింది, డాకర్ 20.10.9లో బిగించారు. అంతకంటే పాతది వాడుతుంటే అప్‌గ్రేడ్ చేయండి.

బ్యాకెండ్‌బాబు:
థాంక్సండీ. యూజర్‌ఎన్‌ఎస్-రీమ్యాప్ (యూజర్ నేమ్‌స్పేస్‌ని వాడే డాకర్ సెట్టింగ్) ఆన్ చేస్తే ఇవన్నీ చేసే పని తప్పుతుందా?

సెట్‌యూఐడీ_వేట:
చాలావరకు. డీమన్ కాన్ఫిగ్‌లో డిఫాల్ట్ అని ఇస్తే డాక్‌రీమ్యాప్ యూజర్ తయారై, లోపలి 0 హోస్ట్‌లో సబ్‌యూఐడీ ఫైల్‌లో ఆ యూజర్‌కి ఇచ్చిన మొదటి నంబర్ అవుతుంది. ఫోల్డర్‌ని ఆ నంబర్‌కి చౌన్ చేయకపోతే (ఓనర్‌గా మార్చకపోతే) పర్మిషన్ డినైడ్ వస్తుంది. పాత ఇమేజ్‌లు మాయమైనట్టు కనిపిస్తాయి, కంగారుపడకండి, స్టోరేజ్ ఫోల్డర్ మారిందంతే. డాకర్ సాకెట్‌ని (డాకర్‌కి ఆదేశాలు వెళ్లే దారి) మౌంట్ చేసి ఉంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. రీడ్-ఓన్లీ ఇచ్చినా సాకెట్‌కి కనెక్ట్ అవ్వచ్చు, దాన్ని తీసేయాల్సిందే.