సభలో నోరు విప్పని పాప: మీ అనుభవాలు చెప్పండి

వానచినుకు:
మా పాపకు ఎనిమిదేళ్లు. ర్యాంకులూ హోంవర్కూ లేని బడిలో చేర్చి నాలుగు నెలలైంది. వారానికోసారి పిల్లలూ టీచర్లూ కలిసి సభ పెట్టుకుంటారు, అందరికీ తలా ఒక ఓటు. మా పాప అక్కడ ఇంతవరకు నోరు విప్పలేదు. లెక్కల గదివైపు కూడా పోవడం లేదు. ఎందుకని అడిగితే "పని ఉంది" అంటుంది. ఆ పని ఏమిటంటే, వడ్రంగి గదిలో రంపపుపొట్టు ఊడ్చడం! ఇలాంటి బడుల సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాతబల్ల:
అలాంటి బడిలోనే ఆరేళ్లు చదివానండీ. మొదటి ఏడాది సభలో నేను చేసిందల్లా చెయ్యెత్తడం, అదీ పక్కవాడు ఎత్తాడో లేదో చూసుకుని. ఒకసారి వస్తువుల గదిలో మూడు కత్తెరలు మాయమయ్యాయి. గదికి తాళం వేద్దామన్నారు టీచర్లు. ఓట్లలో ఓడిపోయారు. పదేళ్ల అమ్మాయి చెప్పిన ఉపాయం నెగ్గింది: గోడకు ఒక చెక్క బిగించి, దాని మీద ఒక్కో పనిముట్టు ఆకారం గీసి, ఎక్కడిది అక్కడే తగిలించాలి. మర్నాటికి ఆ చెక్క మీద మూడు కత్తెరల బొమ్మలు ఖాళీగా మిగిలాయి. అందులో ఒకటి నా మంచం కింద ఉంది. రెండు రోజులు అటు చూడలేకపోయాను. "కత్తెర నేనే తీశాను." సభలో నా తొలి మాట అదే. ఎవరూ తిట్టలేదు. ఒకడు మాత్రం "మొద్దుబారింది, సాన పట్టించాలి" అన్నాడు.

లెక్కల మాస్టారు:
ఇటలీ విద్యావేత్త మాంటిస్సోరి పద్ధతిలో పిల్లలకిచ్చే చెక్క స్థూపాలు (గుండ్రటి దిమ్మెలు) కూడా అంతే. దిమ్మలో పది గుంటలు, పది స్థూపాలు. ఒకటి తప్పు గుంటలో పెడితే చివరికి ఏదో ఒకటి ఇమడదు. తప్పు చూపించేది దిమ్మే, టీచరు కాదు. అయితే 1907లో రోమ్‌లో మాంటిస్సోరి తెరిచిన 'బాలల ఇల్లు' అనే బడినీ, 1921లో నీల్ అనే బ్రిటిష్ టీచరు మొదలుపెట్టిన బడి సమ్మర్‌హిల్‌నూ ఒకే గాటన కట్టకండి. మొదటిదానిలో ప్రతి పరికరానికీ ఒక పద్ధతి ఉంటుంది. రెండోదానిలో పాఠాలకు టైంటేబుల్ ఉన్నా, వెళ్లడం మానడం పిల్లల ఇష్టం. బ్రిటన్ ప్రభుత్వంతో ఈ రెండో బడి వివాదం ముదిరి 2000లో రాజీకి వచ్చినప్పుడు, దాన్ని ఒప్పుకోవాలా వద్దా అని ఆ పిల్లలు లండన్ కోర్టు గదిలోనే సభ పెట్టుకున్నారు! మీ బడి ఏ దారిలో నడుస్తోందో ముందు అడగండి.

గాలిపటం:
అందరూ మురిసిపోతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మా అబ్బాయి చదివిన చోట సభలో ఎప్పుడూ ఇద్దరు మాటకారులదే పైచేయి. ఓటు సమానమే, గొంతు సమానం కాదు. తర్వాత మామూలు బడిలో చేర్పిస్తే ఎక్కాలు ఏడు నెలల్లో పట్టుబడ్డాయి. "ఎందుకు?" అని అడగకుండా కూర్చోవడమే వాడికి ఇప్పటికీ చేతకావడం లేదు.

లెక్కల మాస్టారు:
నిజమే. మా దగ్గరా అదే తంతు. చిన్నవాళ్లు ముందు మాట్లాడాలని నియమం పెట్టాక కొంత నయం. మాట రానివాళ్లు చీటీ రాసి ఇవ్వవచ్చు.

వానచినుకు:
చీటీ సంగతి రాత్రి పాపతో అన్నాను. వెంటనే పెన్సిలు తెచ్చుకుని రాసింది: "ఊడ్చేవాళ్లం ఇద్దరమే ఉన్నాము. ఇంకొకరు కావాలి. చీపురు కూడా." ఎవరు చదవాలంటే, "అధ్యక్షురాలు చదువుతుంది, నేను వెనక కూర్చుంటాను" అంది.