ఓయిషి బొమ్మ మీద వేరే పేరుంది, నేను మోసపోయానా?

జింబోచో_బకరా:
పోయిన శనివారం టోక్యోలో, జింబోచో పాత పుస్తకాల వీధిలో ఒక చెక్క అచ్చు బొమ్మ కొన్నాను. కునియోషి గీసిన 47 మంది రోనిన్ల (ప్రభువు లేని సమురాయ్‌ల) సిరీస్‌లోది, వాళ్ళ నాయకుడు ఓయిషి కురానోసుకే అని చెప్పి ఇచ్చారు. ఆఫీసులో జపనీస్ కొలీగ్‌కి చూపిస్తే, "ఇందులో ఓబోషి యురానోసుకే అని ఉందే" అన్నాడు. సెంగకుజీ గుడికెళ్ళి ఆ నాయకుడి సమాధి కూడా చూసొచ్చాను, అక్కడ ఓయిషి అనే ఉంది. మా ఆవిడ రెండు రోజులుగా నవ్వుతూనే ఉంది. ఇది నకిలీయా?

పాతకాగితం:
టెన్షన్ పడకండి. "ఓయిషి" అని ఉంటేనే అనుమానించాలి! 1573 తర్వాతి సమురాయ్ వంశాల వాళ్ళ బొమ్మలు అసలు పేర్లతో వెయ్యకూడదని షోగన్ ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 1804లో పాత పాలకుడు హిదెయోషి బొమ్మలు వేసినందుకు చిత్రకారుడు ఉతమారోకి 50 రోజులు చేతులకు సంకెళ్ళు వేశారు. అంత పేరున్నవాడికే! ఇలాంటి ఆంక్షల వల్లే, అంతకు చాలా ముందే, ఈ రోనిన్లు 1703లో చేసిన దాడిని నాటకాలవాళ్ళు 14వ శతాబ్దానికి జరిపేసి పేర్లు మార్చారు. 1748 నాటి బొమ్మలాటలో ఓయిషి "ఓబోషి" అయ్యాడు, ఆ దాడిలో చనిపోయిన కిరా "మోరోనావో" అయ్యాడు. 1847లో కునియోషి వాడినవీ ఆ పేర్లే. చూసేవాళ్ళందరికీ అసలు సంగతి తెలుసు, అది వేరే విషయం. బట్టల చేతుల అంచున నలుపు తెలుపు రంపపు పళ్ళ డిజైన్ ఉంది కదా, అదీ నాటకం డ్రెస్సే.

పాతదా కాదా అన్నది మాత్రం వేరే ప్రశ్న. వెనక్కి తిప్పి చూశారా?

కొత్తచూపు:
ముద్రలు చూడండి. సెన్సార్ ముద్రలు రెండుంటే 1847-52 మధ్యది.

పాతకాగితం:
నకలు వేసేవాళ్ళు ముద్రలు కూడా చెక్కుతారండీ. నేను మొదటిసారి అలాగే మునిగాను. భూతద్దం పెట్టి చూడండి, రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అది ప్రెస్‌లో వేసింది. అసలైతే కాగితాన్ని చెక్క మీద పరిచి, వెనక నుంచి బారెన్ అనే గుండ్రటి మెత్తతో రుద్దుతారు. రంగు వెనక్కి ఊరుతుంది, రుద్దిన చారలు కూడా కనిపిస్తాయి.

జింబోచో_బకరా:
చుక్కలు లేవు. వెనక ఇంకో కాగితం అంటించి ఉంది, ఒక మూల ఊడితే కింద నల్లరంగు ఊరి కనిపిస్తోంది. మిగతాది పీకనా?

పాతకాగితం:
పీకొద్దు బాబూ! షాపుకే తీసుకెళ్ళి చూపించండి. అప్పటిదాకా కిటికీ ఎదురుగా పెట్టకండి, ఎరుపు వెలిసిపోతుంది.